జాంగో ట్యుటోరియల్ చూస్తే వస్తుంది, మూసేస్తే చేతులు ఆడట్లేదు. కడప, బండల షాపు లెక్కలు

బండలషాపు, కడప | ఆదివారం రాత్రి 11.20

అందరికీ నమస్కారం. మాది కడప. బీకాం చదివి రెండేళ్లుగా ఇక్కడే ఒక బండల షాపులో లెక్కలు రాస్తున్నాను. నల్ల కడప బండ, బేతంచెర్ల పాలిష్ బండ రెండూ అమ్ముతాం. రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చి అన్నం తిన్నాక కూర్చుంటాను. ఆరు నెలలు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, ఇప్పుడు నెల రోజులుగా దాంతో వెబ్‌సైట్లు కట్టే జాంగో.

జాంగో వాళ్ల సైటులో పోల్స్ అని ఒక ట్యుటోరియల్ ఉంది కదా, దాన్ని రెండుసార్లు చేశాను. చూస్తూ టైపు చేస్తే అన్నీ నడుస్తాయి. అది మూసేసి కొత్త ఫోల్డరు తెరిస్తే మొదటి లైను దగ్గరే ఆగిపోతున్నాను. ఏ ఫైల్లో ఏం రాయాలో, ఎందుకు రాయాలో తెలియడం లేదు. షాపు లెక్కలకి ఒక చిన్న ప్రోగ్రాం చేయాలని ఆశ. ఇది నా వల్ల అవుతుందా, లేక జాంగో లాంటిదే ఇంకా చిన్నదైన ఫ్లాస్క్‌తో మొదలుపెట్టాలా? యూట్యూబులో ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతుంటే టెన్షన్ వచ్చేస్తోంది.

ఇంకొకటి. ఒక వీడియో చూసి చేస్తే "యూఆర్ఎల్ అనే పేరు ఇంపోర్ట్ చేయలేను" అని ఎర్రర్ వస్తోంది. వీడియోలో ఆయనకి రాలేదు. నా కంప్యూటర్లో ఏదైనా తప్పుందా?

ఉగ్గానిబజ్జి, అనంతపురం | ఆదివారం రాత్రి 11.34

అన్నా, ఫ్లాస్క్‌కి వచ్చేయ్. ఒకే ఫైలు, ఏడెనిమిది లైన్లు, పేజీ వచ్చేస్తుంది. జాంగోలో స్టార్ట్‌ప్రాజెక్ట్ అని కమాండ్ కొట్టగానే ఫైళ్లన్నీ పెళ్లివారిలా ఒక్కసారిగా దిగిపోతాయి. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలుసుకునేసరికి నాకైతే ఒక సెమిస్టర్ అయిపోయింది.

తుంగభద్రఒడ్డు, కర్నూలు | సోమవారం ఉదయం 7.05

తమ్ముడూ, ముందు ఆ ఎర్రర్ సంగతి. నీ కంప్యూటర్ బాగానే ఉంది, వీడియో పాతది. 2017 డిసెంబరులో వచ్చిన జాంగో 2.0 నుంచి పేజీ అడ్రసులు రాయడానికి పాత్ అనే ఫంక్షన్ వాడుతున్నాం. పాత యూఆర్ఎల్ ఫంక్షన్‌ని 2021 డిసెంబరులో 4.0తో పూర్తిగా తీసేశారు. ఏ వీడియో చూసినా ముందు అది ఏ వెర్షనో చూడు. నువ్వు 5.2 పెట్టుకో. అది ఎక్కువ కాలం సపోర్టు ఉండే వెర్షను, 2028 ఏప్రిల్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. డాక్యుమెంటేషన్ పేజీలో కూడా కింద మూల వెర్షను మార్చుకునే చోటుంది, అందులోనూ 5.2 ఉందో లేదో చూసుకో.

ఇక ఫ్లాస్కా, జాంగోనా అన్నది. ఫ్లాస్క్ 2010లో ఏప్రిల్ ఫూల్ సరదాగా పుట్టిన పని, తర్వాత అది పెద్దదైంది. చాలా మంచి పనిముట్టు, నేను ఆఫీసులో వాడుతున్నాను కూడా. కానీ నీకు కావలసింది లెక్కల పుస్తకం. లాగిన్ కావాలి, డేటాబేస్ కావాలి, ఎంట్రీలు వేసే ఫారాలు కావాలి, రేపు ఒక కాలమ్ పెంచాలంటే పాత డేటా పోకుండా పెంచే దారి కావాలి. ఫ్లాస్క్‌లో ఇవన్నీ ఒక్కొక్కటి వెతికి తెచ్చి బిగించుకోవాలి. జాంగోలో అవి ముందే ఉన్నాయి. నీకు ఫైళ్లు ఎక్కువగా కనిపించడానికి కారణం అదే.

ఏ ఫైలు ఎందుకో మీ షాపులోనే చూడు. పార్టీ గేటు దగ్గరకొచ్చి "రెండు బై ఒకటిన్నర కావాలి" అంటాడు. గేటు దగ్గర మనిషి "ఆ వరసలోకి వెళ్లండి" అని దారి చూపిస్తాడు. అది యూఆర్ఎల్స్ ఫైలు. యార్డులో మనిషి విని, ఉన్నాయో లేవో చూసి, లెక్కపెట్టి తీస్తాడు. అది వ్యూ. పేర్చి ఉన్న బండలు, ఏ సైజు ఎక్కడ ఉండాలన్న పద్ధతి, అది మోడల్. చివర్న పార్టీ చేతికిచ్చే అచ్చు బిల్లు కాగితం టెంప్లేట్. కాగితంలో షాపు పేరు, గీతలు ముందే ఉంటాయి, అంకెలు మాత్రమే మనం నింపుతాం. ఈసారి ఏదైనా రాయబోయే ముందు "ఇది గేటు పనా, యార్డు పనా, కాగితం పనా" అని అడుక్కో.

ఉగ్గానిబజ్జి | సోమవారం ఉదయం 9.10

నాకు ఈ మాట ఫైనలియర్లో తెలిసింది, ఫస్టియర్లో ఎవరూ చెప్పలేదు. సరే, నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా. సగమే.

డెస్క్‌మనిషి, కర్నూలు | సోమవారం మధ్యాహ్నం 2.40

నేను ప్రోగ్రామర్‌ని కాను, పత్రిక డెస్క్‌లో పనిచేస్తాను. అయినా జాంగో అంటే మా వాళ్ల బిడ్డ అనిపిస్తుంది. అది పుట్టింది న్యూస్ పేపర్ ఆఫీసులో. 2003లో అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊరి పత్రిక, లారెన్స్ జర్నల్ వరల్డ్. అక్కడి వెబ్ విభాగంలో అడ్రియన్ హోలోవాటీ, సైమన్ విలిసన్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. ఎడిటర్ సాయంత్రం వచ్చి రేపటికి ఎన్నికల పేజీ కావాలంటే చేసిచ్చేంత వేగం కావాలి కదా, ఆ ఒత్తిడిలో తయారైన సామాను ఇది. 2005 జులైలో అందరికీ ఉచితంగా ఇచ్చారు. పేరేమో జాంగో రైన్‌హార్ట్ అనే గిటారు వాద్యకారుడిది.

జాంగోతో పాటే వచ్చే, డేటా నింపుకునే అడ్మిన్ పేజీ కూడా మాలాంటి వాళ్ల కోసం వచ్చిందే. రిపోర్టర్‌కి కోడ్ రాదు, ఫారం చూపిస్తే నింపుతాడు. మీ షాపు ఓనరుకి కూడా అంతే కదా.

ఇంగ్లిష్ స్పెల్లింగులో ముందున్న డి అక్షరం పలకదు. తెలుగులో రాసుకుంటే ఆ బాధే లేదు.

బండలషాపు | సోమవారం రాత్రి 10.50

అన్నా, గేటు యార్డు మాట చదివి మధ్యాహ్నం షాపులో నాకు నేనే నవ్వుకున్నాను. ఇప్పుడే కూర్చుని ఏదీ చూడకుండా మొదలుపెట్టాను. రెండు గంటల్లో మూడు చోట్ల ఇరుక్కున్నాను.

ఎన్విరాన్‌మెంట్ (ఈ ప్రాజెక్టుకని విడిగా పెట్టుకున్న పైథాన్) యాక్టివేట్ చేయబోతే విండోస్‌లో కమాండ్లు కొట్టే పవర్‌షెల్ ఎర్రగా "స్క్రిప్టులు నడపడం ఆపేసి ఉంది" అంది. తర్వాత అడ్మిన్‌లోకి వెళ్లడానికి సూపర్‌యూజర్ ఖాతా చేస్తుంటే పాస్‌వర్డ్ దగ్గర ఏమి కొట్టినా ఒక్క చుక్క కూడా పడలేదు. కీబోర్డు పోయిందనుకుని ఇంకో కీబోర్డు పెట్టి చూశాను. మూడోది, మోడల్ రాశాను, అడ్మిన్‌లో తెరిస్తే "నో సచ్ టేబుల్". మేక్‌మైగ్రేషన్స్ చేశాను కదా మరి?

సెకండ్‌షిఫ్ట్, అనంతపురం | సోమవారం రాత్రి 11.15

కీబోర్డు మార్చి చూశావా తమ్ముడూ! పాస్‌వర్డ్ కనపడకపోవడం దాని పద్ధతే. కనపడకుండానే కొట్టి ఎంటర్ నొక్కు.

పవర్‌షెల్‌తో కుస్తీ పట్టకు. మామూలు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అదే యాక్టివేట్ కొట్టు, వెళ్లిపోతుంది.

మూడోది అందరికీ వచ్చేదే. మేక్‌మైగ్రేషన్స్, మైగ్రేట్ రెండూ వేరు. స్థలం కొన్నప్పుడు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు బయట డాక్యుమెంట్ రైటర్ దగ్గర కూర్చుని దస్తావేజు రాయిస్తాం. అది మేక్‌మైగ్రేషన్స్. కాగితం చేతికొచ్చింది, స్థలం ఇంకా పాతాయన పేరు మీదే ఉంది. లోపలికెళ్లి వేలిముద్ర వేస్తేనే మన పేరు మీదకి మారుతుంది. అది మైగ్రేట్, డేటాబేస్‌లో టేబుల్ నిజంగా తయారయ్యేది అప్పుడే. నువ్వు దస్తావేజు రాయించి ఇంటికెళ్లిపోయావు.

ఎర్రర్ పెద్దగా వచ్చినప్పుడు పైనుంచి చదవకు. అట్టడుగు లైను చదువు, అసలు విషయం అక్కడుంటుంది. తర్వాత అక్కడి నుంచి పైకి వస్తూ నీ ఫైలు పేరు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగు. మధ్యలో ఉన్నవన్నీ జాంగో సొంత ఫైళ్లు, వాటి జోలికి వెళ్లక్కర్లేదు. నేను టెస్టింగులో ఉన్నాను, రోజుకి ఇలాంటివి ముప్పై చూస్తాను.

బండలషాపు | మంగళవారం రాత్రి 10.30

వేలిముద్ర వేశానక్కా, టేబుల్ వచ్చింది. మోడల్స్ ఇలా పెట్టాను, చూసి చెప్పండి.

పార్టీ: పేరు, ఫోను, ఊరు, జిల్లా, బాకీ.
బిల్లు: పార్టీ, తేదీ, సైజు, ఎన్ని, రేటు, మొత్తం.

సైజు దగ్గర మేం పుస్తకంలో రాసినట్టే "2 బై 1.5" అని రాసే అక్షరాల ఫీల్డు. డబ్బులకి ఫ్లోట్, అంటే చుక్క ఉండే అంకెలు. జిల్లాకి కోడ్‌లోనే రాసిపెట్టే ఛాయిసెస్ లిస్టు. డబ్బు కట్టినప్పుడల్లా బాకీ తగ్గించేస్తాను. అడ్మిన్‌లో అన్నీ "పార్టీ ఆబ్జెక్ట్ 1, పార్టీ ఆబ్జెక్ట్ 2" అని కనిపిస్తున్నాయి, ఎవరు ఎవరో తెలియట్లేదు.

తుంగభద్రఒడ్డు | బుధవారం ఉదయం 6.50

చిన్నవి ముందు. ఆబ్జెక్ట్ 1 అని రాకుండా ఉండాలంటే మోడల్లో స్ట్రింగ్ మెథడ్ రాయి, అంటే ఇటూ అటూ రెండేసి అండర్‌స్కోర్లుండే ఎస్‌టీఆర్, అందులో పేరు తిరిగివ్వు. డబ్బుకి ఫ్లోట్ వద్దు. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపి చూడు, 0.30000000000000004 వస్తుంది. అది కంప్యూటర్ భిన్నాలను రెండ్ల లెక్కలో దాచే పద్ధతి వల్ల వచ్చే తేడా. డెసిమల్ ఫీల్డు పెట్టు, చుక్క తర్వాత రెండు అంకెలు.

సైజుని అక్షరాలుగా రాస్తే దాంతో లెక్క కట్టలేవు. పొడవు, వెడల్పు రెండూ అంగుళాల్లో, రెండు పూర్ణాంకాలుగా పెట్టు. రెండు బై ఒకటిన్నర అంటే 24, 18. గుణిస్తే 432, దాన్ని 144తో భాగిస్తే 3 చదరపు అడుగులు. అలాంటివి 50 అయితే 150 అడుగులు. లెక్క కోసం అడుగు 30 అనుకుంటే 4,500. ఇదంతా ప్రోగ్రాం చేస్తుంది, నువ్వు టైపు చేసేది 24, 18, 50, ఆ రోజు రేటు మాత్రమే.

ఒక బిల్లులో నాలుగు సైజులు ఉండవా? ఉంటాయి. అందుకని బిల్లు వేరు, బిల్లులో వరస వేరు. వరసలో సైజు, సంఖ్య, ఆ రోజు రేటు. రేటుని వరసలోనే దాచు, వేరే చోటి నుంచి తెచ్చుకోకు. రేపు రేటు మారితే పాత బిల్లులన్నీ మారిపోతాయి.

జిల్లాని ఛాయిసెస్‌లో పెట్టడం గురించి. 2022 ఏప్రిల్ 4న మన జిల్లాలు విడిపోయాయి, గుర్తుందా? నంద్యాల వేరయింది, బేతంచెర్ల అటు పోయింది. నీకు బండ వచ్చే ఊరి జిల్లానే మారింది! కోడ్‌లో రాసిపెట్టిన లిస్టయితే ప్రతిసారీ ప్రోగ్రామరే దిద్దాలి. జిల్లాకి ఒక మోడల్ చేసి పార్టీలో దానికి లింకుగా ఫారిన్‌కీ పెట్టు, ఓనరే అడ్మిన్‌లో దిద్దుకుంటాడు.

బాకీ ఫీల్డు గురించి నేను చెప్పను. ఇక్కడ దాన్ని నాకంటే బాగా చెప్పేవారున్నారు. పెద్దాయనా, ఉన్నారా?

పాతచిట్టా, ప్రొద్దుటూరు | బుధవారం ఉదయం 11.30

ఉన్నాను నాయనా. బ్యాంకు పని తర్వాత ఈ పైథాన్ కాలక్షేపం.

అబ్బాయ్, మీ షాపులో చిట్టా ఉంది, ఆవర్జా ఉంది. చిట్టాలో రోజు ఏం జరిగితే అది రాస్తావు. ఆవర్జాలో పార్టీ వారీగా ఎక్కిస్తావు. ఆవర్జా పోయినా చిట్టా ఉంటే మళ్లీ రాసుకోవచ్చు. చిట్టా పోతే? ఏడవాల్సిందే. నువ్వు పెట్టిన బాకీ అనేది ఆవర్జా అడుగున వచ్చే అంకె. దాన్నెవరూ నేరుగా దిద్దకూడదు. దిద్దావంటే ఎందుకు మారిందో చెప్పే కాగితం ఉండదు. బిల్లులు వేరుగా, జమలు వేరుగా రాసుకో. బాకీ కావలసినప్పుడు ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్. నేను చేరిన కొత్తలో ఒక గుమాస్తా బాకీ అంకెను చెరిపి రాసేవాడు. మూడు నెలల తర్వాత ఆ పుస్తకం ఎవరికీ అర్థం కాలేదు, అతనితో సహా.

తుంగభద్రఒడ్డు | బుధవారం మధ్యాహ్నం 1.15

ఇదే. బిల్లు మొత్తాన్ని మాత్రం దాచుకోవచ్చు, ఎందుకంటే అది అచ్చయి పార్టీ చేతికి వెళ్లిన అంకె, జరిగిపోయిన సంగతి. బాకీ అలా కాదు, అడిగినప్పుడల్లా వచ్చే లెక్క.

సెకండ్‌షిఫ్ట్ | బుధవారం రాత్రి 9.00

ఫారిన్‌కీ రాసేటప్పుడు ఆన్‌డిలీట్ అడుగుతుంది, అంటే పార్టీని తీసేస్తే దాని బిల్లులు ఏమవ్వాలని. ఏం పెట్టావు తమ్ముడూ? ట్యుటోరియల్లో ఉన్నట్టు క్యాస్కేడ్ పెట్టి ఉంటావు, అది బిల్లుల్నీ తీసేస్తుంది. మార్చెయ్.

నా కథ చెబుతాను. మా చిన్నాన్నకి ధర్మవరంలో చీరల వ్యాపారం, నేను సరదాగా ఇలాంటిదే చేసిచ్చాను. ఒకే పార్టీ రెండుసార్లు ఎక్కింది. ఖాళీగా ఉన్నదాన్ని తీసేద్దామని అడ్మిన్‌లో డిలీట్ నొక్కాను. జాంగో పాపం అడిగింది, "దీంతో పాటు ఇవన్నీ పోతాయి" అని కింద బారెడు లిస్టు చూపించింది. నేను దాన్ని చదవలేదు, అవునని నొక్కేశాను. నేను పట్టుకున్నది ఖాళీ ఖాతా కాదు, అసలుది. పదకొండు నెలల బిల్లులు వెళ్లిపోయాయి. చిన్నాన్న ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. అంతకు ముందు వారం డేటాబేస్ అంతా ఉండే ఎస్‌క్యూలైట్ ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఉన్నాను కాబట్టి బతికిపోయాను. ప్రొటెక్ట్ అని పెట్టు. బిల్లులున్న పార్టీని అసలు తీయనివ్వదు.

బండలషాపు | శనివారం రాత్రి 11.45

అన్నీ మార్చాను. ప్రొటెక్ట్ పెట్టాను. బిల్లు లోపలే వరసలు నింపేలా ఇన్‌లైన్ కూడా పెట్టాను, అడ్మిన్‌లో చూస్తే అచ్చం మా బిల్లు బుక్కులాగే ఉంది. లాంగ్వేజ్ కోడ్‌లో తెలుగు పెడితే అడ్మిన్‌లో చాలా మాటలు తెలుగులోకి వచ్చాయి, ఓనరుకి చూపిస్తే "ఇదెవరు రాశారప్పా" అన్నాడు.

రెండు విచిత్రాలు. తెల్లవారుజామున నాలుగింటికి లారీ లోడు చేసి బిల్లు వేశాను. బిల్లు మీద ముందు రోజు తేదీ పడింది. పగలు వేసినవి బాగానే ఉన్నాయి. రెండోది, పేరు నుంచి వెబ్ పేజీ అడ్రసు తయారుచేయడానికి స్లగిఫై వాడాను. ఊరి పేరు బేతంచెర్ల అని తెలుగులో ఇస్తే ఖాళీగా వచ్చింది. యూనికోడ్ అనుమతించమంటే "బతచరల" అని వచ్చింది. రాయచోటి "రయచట" అయింది!

ఉగ్గానిబజ్జి | శనివారం రాత్రి 11.52

రయచట 😂 అన్నా, మా హాస్టల్లో గోడకి రాసి పెడతా.

తుంగభద్రఒడ్డు | ఆదివారం ఉదయం 8.20

తేదీది సులువు. కొత్త ప్రాజెక్టులో టైమ్ జోన్ యూటీసీ అని, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం, వస్తుంది, అది మనకంటే ఐదున్నర గంటలు వెనక. తెల్లవారి నాలుగంటే అక్కడ ముందు రోజు రాత్రి పదిన్నర. సెట్టింగ్స్‌లో ఏషియా స్లాష్ కోల్‌కతా అని పెట్టు. డేటాబేస్‌లో సమయం యూటీసీలోనే ఉంటుంది, చూపించేటప్పుడు మన టైముకి మారుతుంది కాబట్టి పాత బిల్లులు కూడా సరిగ్గానే కనిపిస్తాయి.

స్లగిఫై సంగతి మన భాషల లాంటి వాటికి తగిలే దెబ్బ. అక్షరమో అంకో కానిదాన్ని అది తీసేస్తుంది. ఏది అక్షరమో ఏది కాదో పైథాన్ తేలుస్తుంది. క, చ, ర లాంటివి దాని లెక్కలో అక్షరాలే. గుడి, కొమ్ము, ఏత్వం, సున్న, పొల్లు అక్షరాలు కావు, అక్షరానికి తగిలించిన గుర్తులు. వాటిని ఊడ్చేస్తే మిగిలేది బతచరల. అడ్రసులో పేరు పెట్టకు, పార్టీ నంబరు పెట్టు. ఒకే పేరు వాళ్లు ఇద్దరున్నా గొడవ ఉండదు.

పాతచిట్టా | ఆదివారం ఉదయం 9.45

సున్న కూడా అక్షరం కాదంటుందా! పెద్దబాలశిక్ష చదివించాలి దానికి.

బండలషాపు | బుధవారం రాత్రి 10.15

బాకీ లెక్క తప్పొస్తోంది. ఒక పార్టీకి మూడు బిల్లులు, కలిపి 60,000. రెండు జమలు, కలిపి 25,000. బాకీ 35,000 రావాలి. 45,000 చూపిస్తోంది. ప్రతి పార్టీ పక్కన లెక్క కట్టి చూపే అనోటేట్‌లో బిల్లుల సమ్ (కూడిక), జమల సమ్ రెండూ ఒకేసారి రాశాను. ఎర్రర్ ఏమీ లేదు, నిశ్శబ్దంగా తప్పు చెబుతోంది. ఒకే బిల్లు, ఒకే జమ ఉన్న పార్టీలకి మాత్రం సరిగ్గా వస్తోంది.

లాగౌట్ లింకు నొక్కితే 405 అని ఎర్రర్ కూడా వస్తోంది.

తుంగభద్రఒడ్డు | గురువారం ఉదయం 7.30

బిల్లుల మొత్తాన్ని విడిగా ప్రింట్ చేసి చూడు. 1,20,000 ఉంటుంది. జమలు 75,000 ఉంటాయి. అక్కడి నుంచి నీ 45,000. రెండు టేబుళ్లని ఒకేసారి కలిపితే డేటాబేస్ ప్రతి బిల్లు పక్కన ప్రతి జమనీ నిలబెడుతుంది. మూడు బిల్లులు, రెండు జమలు, ఆరు వరసలు. బిల్లు ఒక్కొక్కటి రెండుసార్లు, జమ ఒక్కొక్కటి మూడుసార్లు కూడికలోకి వచ్చాయి. ఒకటీ ఒకటీ ఉన్న చోట సరిగ్గా రావడం అందుకే. ఇది జాంగో డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరికగా రాసి ఉంది, నాకు మాత్రం జీతం తీసుకుంటూ రెండు రోజులు పట్టింది కనుక్కోవడానికి. పార్టీ పేజీలో బిల్లులకి ఒక అగ్రిగేట్ (మొత్తం కూడిక), జమలకి ఒక అగ్రిగేట్ విడివిడిగా చేసి తీసెయ్. అందరి బాకీలూ ఒకే పట్టికలో కావాలంటే సబ్‌క్వెరీ, అంటే ప్రశ్న లోపల ఇంకో ప్రశ్న, నేర్చుకోవాలి, అది వచ్చే నెల.

లాగౌట్: 5.0 నుంచి మామూలు లింకుతో కుదరదు. చిన్న ఫారం పెట్టి పోస్ట్‌తో పంపాలి. అందులో సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ మర్చిపోతే 403 వస్తుంది. నువ్వు లాగిన్ అయి ఉండగా వేరే సైటు ఏదో నీ పేరుతో ఫారం పంపకుండా ఆ టోకెన్ కాపలా. కాబట్టి విసుక్కుని దాన్ని ఆపేయొద్దు.

ఉగ్గానిబజ్జి | గురువారం సాయంత్రం 6.00

ఒక మాట అడగనా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఇంత కష్టపడి బండల లెక్కలు చేస్తే ఉద్యోగం వస్తుందా? మా క్లాసులో అందరూ ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీ పడుతున్నారు. ఒక కోచింగ్ సెంటరు వాళ్లు సర్టిఫికెట్ కోసం ఇచ్చిన ప్రాజెక్టు ఫైలు నా దగ్గరా ఉంది, నిజం చెప్పాలంటే అందులో ఏముందో నాకు తెలియదు.

సెకండ్‌షిఫ్ట్ | గురువారం రాత్రి 9.40

బట్టీ కూడా కావాలి, కాదనను. కానీ మా టీములోకి కొత్తవాళ్లని తీసుకునేటప్పుడు నేనూ కూర్చుంటాను. "నీ ప్రాజెక్టులో ఏం తప్పు జరిగింది, ఎలా పట్టుకున్నావు" అని ఒక్కటే అడుగుతాను. కాపీ కొట్టిన ప్రాజెక్టులో తప్పులు జరగవు కదా, అక్కడే దొరికిపోతారు. బండలషాపు తమ్ముడు ఇప్పుడు ఆ ప్రశ్నకి అరగంట మాట్లాడగలడు. నువ్వు? సెలవుల్లో ఊరికెళ్లినప్పుడు మీ నాన్నగారి ఎరువుల షాపు లెక్కలు అడిగి తీసుకో.

ఉగ్గానిబజ్జి | గురువారం రాత్రి 9.55

ఎరువుల షాపని ఎప్పుడు చెప్పానక్కా?

సెకండ్‌షిఫ్ట్ | గురువారం రాత్రి 9.58

పాత పోస్టులో నువ్వే రాశావు. టెస్టర్‌ని, గుర్తుంటాయి.

బండలషాపు | ఆదివారం మధ్యాహ్నం 3.30

షాపులో వారం రోజులుగా పుస్తకం, ప్రోగ్రాం రెండూ నడుపుతున్నాం. ఫోన్లో చూడాలని ఓనరు అడిగితే సున్నా చుక్క సున్నా చుక్క సున్నా చుక్క సున్నాతో రన్‌సర్వర్ ఇచ్చి, అలౌడ్ హోస్ట్స్‌లో కంప్యూటర్ ఐపీ రాశాను, షాపు వైఫైలో వస్తోంది. తెలుగు బిల్లుని ఒక పీడీఎఫ్ లైబ్రరీతో చేస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడ్డాయి. బ్రౌజర్లోంచే ప్రింట్ తీస్తే చక్కగా వచ్చింది, అదే ఉంచేశాను.

ఒక్కటి తప్ప అన్ని బాకీలూ పుస్తకంతో సరిపోయాయి. రాయచోటి కాంట్రాక్టరు ఒకాయన. పుస్తకంలో కంటే ప్రోగ్రాంలో 1,260 ఎక్కువ. బిల్లులు, జమలు ఒక్కొక్కటీ టిక్కు పెట్టి చూశాను, అన్నీ ఉన్నాయి. కోడ్ నాలుగుసార్లు చదివాను. నిన్న రాత్రి నిద్ర పట్టలేదు.

తుంగభద్రఒడ్డు | ఆదివారం సాయంత్రం 4.10

రన్‌సర్వర్ పరీక్షల కోసమే, రోజూ వాడుకకి కాదు. విండోస్‌లో నడిచే వెయిట్రెస్ అని ఒక సర్వరుంది, అది పెట్టుకుందువు. బాకీ సంగతికి ఆ పార్టీ బిల్లుల వరసలు ఇక్కడ పెట్టు, రేట్లు సహా.

పాతచిట్టా | ఆదివారం సాయంత్రం 4.35

వరసలు అక్కర్లేదు. అబ్బాయ్, అతనికి ఏ రేటు, ఏ సైజు?

బండలషాపు | ఆదివారం సాయంత్రం 4.41

అడుగు 30. ఎక్కువగా రెండు బై ఒకటిన్నర.

పాతచిట్టా | ఆదివారం సాయంత్రం 4.50

1,260ని 30తో భాగిస్తే 42 అడుగులు. బండ 3 అడుగులది, కాబట్టి 14 బండలు. భిన్నం లేకుండా తేలింది చూడు, కాబట్టి ఇది కూడికలో పొరపాటు కాదు, సరుకు. ఆ పార్టీ దగ్గర 14 బండలు ఏమైనా పగిలి వెనక్కొచ్చాయా?

బండలషాపు | ఆదివారం సాయంత్రం 5.20

పెద్దాయనా, మీకు దండం. పుస్తకంలో ఆ పేజీ అంచున పెన్సిల్‌తో "పగులు 14 వాపసు" అని ఉంది. ఓనరు చేతిరాత. బాకీలో తగ్గించేసి పక్కన రాసుకున్నాడు. నా మోడల్స్‌లో వాపసు అనేదే లేదు. నేను ఎప్పుడూ అడగలేదు, ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు బిల్లు వరసలో మైనస్ 14 వేయబోతే ఒప్పుకోవట్లేదు, సున్నా కంటే తక్కువ కుదరదంటోంది. పాజిటివ్ ఇంటీజర్ పెట్టాను. దాన్ని మామూలు ఇంటీజర్ చేసెయ్యనా?

తుంగభద్రఒడ్డు | ఆదివారం సాయంత్రం 5.45

వద్దు. అలా చేస్తే రేపు చెయ్యి జారి మైనస్ పడ్డా ఎవరికీ తెలియదు. వాపసుకి వేరే మోడల్ పెట్టు. ఏ బిల్లు వరసకి సంబంధించినదో ఫారిన్‌కీ, ఎన్ని బండలు, తేదీ, కారణం. బాకీలో మూడో అగ్రిగేట్‌గా తీసెయ్. లారీలో పగిలిందా, దించేటప్పుడు పగిలిందా అన్నది కూడా రాసుకుంటే లారీవాళ్లతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

పాతచిట్టా | ఆదివారం సాయంత్రం 6.05

మిగతా పేజీల అంచులు కూడా ఒకసారి చూడు నాయనా. పెన్సిల్‌తో రాసేవాడు ఒక్కసారితో ఆపడు.

బండలషాపు | ఆదివారం రాత్రి 10.40

చూశాను. ఇంకో రెండు చోట్ల ఉన్నాయి. రెండు చోట్లా రాసుకున్నాడు గానీ బాకీలో తగ్గించడం మర్చిపోయాడు, రేపు ఆ పార్టీలకి ఫోన్ చేస్తానన్నాడు.

వాపసు మోడల్ రాశాను, అడ్మిన్‌లో రిజిస్టర్ చేశాను, మేక్‌మైగ్రేషన్స్ కూడా చేశాను. తెరిస్తే మళ్లీ "నో సచ్ టేబుల్" అంటోంది.

సెకండ్‌షిఫ్ట్ | ఆదివారం రాత్రి 10.43

వేలిముద్ర?

బండలషాపు | ఆదివారం రాత్రి 10.44

అయ్యో.